చాపలా పరుచుకునే కూర

దబీర్‌పురా దర్వాజా మీరు చూసే ఉంటారు. పాత పట్నం చుట్టూ ఒకప్పుడు గోడ ఉండేది. దానికి 13 దర్వాజాలు. ఇప్పుడు రెండే మిగిలాయి. ఒకటి దబీర్‌పురా, ఇంకొకటి పురానాపూల్.

ఇక్కడ ఇళ్లు ఇరుకు. పెరడు ఉండదు. మరి కూర మొక్క ఎక్కడ పెంచాలి? డాబా మీద పాత డబ్బా చాలు. అందులో గంగవాయిలి పెంచుకోవచ్చు.

గంగవాయిలిని కోస్తావాళ్లు గంగపాయల కూర అంటారు. ఉర్దూ మాట్లాడేవాళ్లు ఖుల్ఫా అంటారు. పేర్లు వేరు. కూర ఒకటే.

ఈ మొక్క పైకి లేవదు. నేల మీద చాపలా పరుచుకుంటుంది. చలి కొండల మీద కూడా కొన్ని మొక్కలు ఇట్లాగే పెరుగుతాయి. నేలను కరుచుకుని ఉంటే ఈదురుగాలి వాటిని ఏమీ చేయలేదు. మన గంగవాయిలికి ఎండతో పోరాటం. అందుకే ఆకుల్లో, కాడల్లో నీళ్లు దాచుకుంటుంది.

ఆకు మీద కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. నీళ్లు బాగా తక్కువైతే మొక్క వాటిని పగలు మూసుకుంటుంది. రాత్రి తెరిచి గాలి పీలుస్తుంది. అప్పుడు ఆకులో పులుపు చేరుతుంది. పగలు ఆ పులుపు ఖర్చయిపోతుంది. అందుకే పొద్దున కోసిన ఆకు ఎక్కువ పుల్లగా ఉంటుంది.

పెంచడం ఎట్లా? డబ్బా అడుగున రంధ్రాలు పెట్టండి. మట్టి నింపండి. జానెడు కాడ గుచ్చండి. ఎండ తగలాలి. నీళ్లు నిలవకూడదు. కొన్ని రోజులకే కాడ వేరు పోసుకుంటుంది. కొసలు కోస్తుంటే మళ్లీ చిగురిస్తుంది.

ఈ ఆకు ఒంటికి మంచిది. గుండెకు మేలు చేసే కొవ్వు ఇందులో ఉంది. ఆకుకూరల్లో ఇది అరుదు. పప్పులో వేయండి. మాంసంతోనూ వండవచ్చు.

అయితే మూడు జాగ్రత్తలు తప్పవు.

ఒకటి: దీనిలాగే నేలమీద పాకే మొక్కలు వేరే ఉన్నాయి. కాడ విరిచి చూడండి. తెల్లటి పాలు కారితే అది గంగవాయిలి కాదు. తినకండి. గంగవాయిలి కాడ నున్నగా, లావుగా, ఎర్రగా ఉంటుంది. ఆకు మందంగా ఉంటుంది. విరిస్తే నీరే వస్తుంది.

రెండు: మోరీల పక్కన, బండ్లు తిరిగే రోడ్డు పక్కన మొలిచినది కోయకండి. మట్టిలోని విషం ఆకులోకి ఎక్కుతుంది. ఎంత కడిగినా పోదు.

మూడు: మూత్రపిండాల్లో రాళ్లు ఉన్నవాళ్లు డాక్టరును అడిగే తినాలి. ఆ రాళ్లను పెంచే గుణం ఈ ఆకుకు ఉంది. మిగతావాళ్లు కూడా రోజూ ఇదే తినకుండా వేరే ఆకుకూరలతో మార్చి మార్చి వండుకోవాలి.

మీ డబ్బాలో చాప నిండాక పక్కింటికి ఒక కాడ ఇవ్వండి. కాడ ఇస్తూ పాల సంగతి కూడా చెప్పండి.