బ్రాడ్‌కాస్ట్: పొలంలో పుట్టి రేడియోకెక్కిన మాట

ఇంగ్లీషులో ‘బ్రాడ్‌కాస్ట్’ అనే మాటకు అసలు అర్థం విత్తనాలను చేత్తో పొలమంతటా వెదజల్లడం. ‘బ్రాడ్’ అంటే విశాలంగా, ‘కాస్ట్’ అంటే విసరడం. 18వ శతాబ్దపు ఇంగ్లీషు వ్యవసాయ రచనల్లో ఈ మాట ఈ అర్థంలోనే కనిపిస్తుంది. ఆ శతాబ్దం తొలినాళ్లలో జెత్రో టల్ అనే ఇంగ్లండు రైతు విత్తనాలను వరుసల్లో వేసే యంత్రాన్ని రూపొందించాడు. చేత్తో చల్లితే గింజలు ఒకచోట ఒత్తుగా, మరోచోట పలచగా పడతాయని, కలుపు తీయడం కష్టమని వరుసల్లో విత్తడాన్ని సమర్థించేవారు చెప్పేవారు.

తెలుగు రైతుకు ఈ రెండు పద్ధతులూ తెలిసినవే. గొర్రుతో సాళ్లలో విత్తడం ఒకటి, నారుమడి లేకుండా వరి గింజలను నేరుగా పొలంలో వెదజల్లడం మరొకటి. వ్యవసాయ పాఠ్యపుస్తకాలు రెండోదాన్ని ఇప్పటికీ బ్రాడ్‌కాస్టింగ్ అనే అంటాయి. ఎరువు చల్లడానికీ అదే మాట వాడతాయి.

వెదజల్లేవాడు ఏ గింజ ఎక్కడ పడాలో నిర్ణయించలేడు. మాట అలంకారికంగా మారడానికి ఈ గుణమే ఆధారమైంది. వార్తలు, పుకార్లు, అభిప్రాయాలు నలుగురిలోకీ పాకడాన్ని రేడియో రాకముందే బ్రాడ్‌కాస్ట్ అనేవారు.

రేడియో మార్గదర్శి మార్కొనీ కాలపు వైర్‌లెస్ ప్రధానంగా ఓడకూ తీరానికీ మధ్య కబురు పంపే సాధనం. అయితే రేడియో తరంగాలు అన్ని దిక్కులకూ వ్యాపిస్తాయి, తగిన పరికరం ఉన్న ఎవరైనా వాటిని అందుకోవచ్చు. రహస్యం దాగదు కాబట్టి మొదట్లో ఇది లోపంగా తోచింది. ఒకే కబురు వేలమందికి చేర్చాలనుకున్నప్పుడు ఆ లోపమే సదుపాయమైంది. 1920 నవంబరు 2న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కేడీకేఏ కేంద్రం అధ్యక్ష ఎన్నికల ఫలితాలను ప్రసారం చేసింది. 1922లో ఏర్పడిన బీబీసీ పేరులోని రెండో అక్షరం బ్రాడ్‌కాస్టింగ్‌దే. మన దేశంలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1927 జులైలో బొంబాయి కేంద్రాన్ని ప్రారంభించింది.

రేడియో, టీవీల వల్ల అలంకారార్థమే ముఖ్యార్థమైపోయింది. పల్లె వాసన తెలియని ఇంగ్లీషు పాఠకుడికి బ్రాడ్‌కాస్ట్ అనగానే స్టూడియో గుర్తొస్తుంది తప్ప పొలం గుర్తురాదు. ఈ మాట నుంచి మరికొన్ని పుట్టాయి. ఎంచుకున్న చిన్న వర్గానికి మాత్రమే అందించేది నేరోకాస్ట్, ఇంటర్నెట్‌లో ప్రసారమయ్యేది వెబ్‌కాస్ట్. పాడ్‌కాస్ట్ అనే పేరు 2004లో వచ్చింది. వీటన్నిటిలో మిగిలింది ‘విసరడం’ అనే సగమే.

నిత్య వ్యవహారంలో ఈ మాటకు కాస్త నిష్ఠూరపు ఛాయ కూడా ఉంది. గుట్టుగా ఉంచాల్సిన సంగతిని ఊరంతా చాటేవాణ్ణి ‘బ్రాడ్‌కాస్ట్ చేయకు’ అంటారు. వాట్సాప్‌లోని బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మాత్రం ఇందుకు దూరం. అక్కడ ఎవరికి పంపాలో పంపేవారే ముందుగా ఎంచుకుంటారు, పంపినవారి నంబరు తమ ఫోన్లో దాచుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది. చేతినుంచి జారిన గింజ ఎక్కడైనా పడవచ్చన్న తొలి భావం ఇక్కడ పూర్తిగా తొలగిపోయింది.