వృద్ధుల ఆరోగ్యబీమా – నివారణ వైద్యం: తంబళ్లపల్లె ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై, తర్వాత రాష్ట్రమంతటా విస్తరించింది. గుండె ఆపరేషన్ల వంటి ఖర్చులతో పేద కుటుంబాలు అప్పులపాలు కాకుండా అది చేసిన మేలును తక్కువ చేయలేం. అయితే దాని చెల్లింపులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక జరిగే చికిత్సకే. 2018లో వచ్చిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజనదీ అదే పద్ధతి. 2024 అక్టోబరు 29న 70 ఏళ్లు దాటినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు దాన్ని వర్తింపజేసినప్పుడు వయసు హద్దు మారింది గాని ఆసుపత్రి పడక అనే హద్దు మారలేదు.

తంబళ్లపల్లె వంటి మెట్టప్రాంతపు వృద్ధునికి రక్తపోటు, మధుమేహం ఉంటే కావలసినవి ఏడాది పొడవునా మాత్రలు, వేళకు రక్తపరీక్ష, కంటిచూపు, పాదాల తనిఖీ. వీటికి ఆసుపత్రిలో చేరనక్కరలేదు. కనుక బీమా లెక్కలోకి రావు. మాత్రలు మానేసి పక్షవాతం పాలైననాడు ఆయన ఆ లెక్కలోకి వస్తాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, 104 వాహనాలు మందులు ఉచితంగా ఇస్తున్న మాట నిజమే. కాని అది వేరే పద్దు, వేరే యంత్రాంగం. అక్కడి లోపానికి మూల్యం ఇక్కడి పద్దు చెల్లిస్తుంది. ఆ లోపాన్ని సరిదిద్దే అధికారం మాత్రం దీనికి లేదు. అసలు చిక్కు ఇదే. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, డయాలసిస్ రోగుల పింఛను 10,000 రూపాయలు. రెండోది న్యాయమైనదే, అయితే మూత్రపిండాలను కాపాడే రక్తపోటు మాత్రల ఖర్చు అందులో ఎన్నో వంతో పోల్చి చూడాలి.

ఈ ప్రాంతానికి పడకను దాటిన వైద్యం కొత్త కాదు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ శానిటోరియం నెలల తరబడి రోగులను ఉంచి చికిత్స చేసిన సంస్థ. అదే సంస్థ తర్వాత ఊళ్ల బాట పట్టింది. 1948లో దేశంలో బి.సి.జి. టీకాలు మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950ల్లో చుట్టుపక్కల గ్రామాల్లో ఆ టీకా ప్రభావంపై అధ్యయనమూ సాగింది. ఇంటివద్ద చికిత్స శానిటోరియం చికిత్సకు తీసిపోదని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది. (నివారణ అన్నదల్లా ఫలిస్తుందని కాదు: పెద్దల ఊపిరితిత్తుల క్షయ విషయంలో బి.సి.జి.ని చెంగల్పట్టు ప్రయోగం తర్వాత ప్రశ్నార్థకం చేసింది.)

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించిన విధానం ప్రకారం 2.5 లక్షల రూపాయల వరకు చికిత్స బీమా సంస్థల పరిధిలోకి, ఆపైది ట్రస్టు పరిధిలోకి వస్తుంది. బీమా ఒప్పందం కొన్నేళ్లది. రక్తపోటు అదుపు ఫలితం తేలడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. అందువల్ల నివారణపై సంస్థకు సహజంగా ఆసక్తి ఉండదు, ఒప్పందంలోనే దాన్ని రాయాలి. ప్రీమియంలో కొంత భాగాన్ని, మండలంలో ఎందరు పింఛనుదారుల రక్తపోటు అదుపులో ఉందన్న లెక్కతో ముడిపెట్టవచ్చు. నెల మొదట్లో సచివాలయ ఉద్యోగి పింఛనుతో వృద్ధుని గడప తొక్కుతూనే ఉన్నాడు. అతని వెంట ఏ.ఎన్.ఎం. రక్తపోటు యంత్రంతో వెళ్తే ఆ లెక్క ఇంటింటా తేలుతుంది.