ఫైలు కదలదు, చిరునామా మారుతుంది

కొల్లేటి గట్టున ఒక చేపల రైతు కంప్యూటర్‌ను ఊహించుకోండి. డెస్క్‌టాప్ నిండా ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ (2)’, ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’. బ్యాంకుకు బయల్దేరే వేళకు చెరువు లీజు కాగితం కనిపించదు.

సర్దుకోవడం పెద్ద పనేం కాదు. ఫోల్డర్ అంటే పెట్టె కాదు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే చిట్టా. పొలం అమ్మితే మట్టి కదలదు, అడంగల్‌లో పేరు మారుతుంది, ఇదీ అంతే. 2 జీబీ పెళ్లి వీడియో అదే డ్రైవ్‌లో రెప్పపాటులో ఫోల్డర్ మారేది అందుకే. పెన్‌డ్రైవ్‌కు పంపితే మాత్రం ప్రతి బైటునూ కొత్తగా రాయాలి, నిమిషాలు పడుతుంది. ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టే ఈ ఏర్పాటును అమెరికాలో మల్టిక్స్ అనే వ్యవస్థ కోసం 1965లోనే వివరించారు.

మరి దేన్నిబట్టి విడదీయాలి? జిల్లానుబట్టి మాత్రం వద్దు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు పశ్చిమ గోదావరి నుంచి విడిపోయి సొంత జిల్లా అయింది. కృష్ణా జిల్లా కైకలూరు అందులో చేరింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది, జిల్లా కేంద్రం మాత్రం భీమవరమైంది. జిల్లాలవారీగా ఫోల్డర్లు పెట్టుకున్నవాళ్లకు ఒక్క పూటలో లెక్క తప్పింది! ఊరు, పని, సంవత్సరం: ఈ మూడంతస్తులు చాలు.

పేరులో తేదీ రాస్తే సంవత్సరం ముందుండాలి: ‘2024-07-15 చెరువు లీజు’. కంప్యూటర్ పేర్లను ఎడమ నుంచి పోల్చుకుంటూ వరుస పేరుస్తుంది. 15తో మొదలుపెడితే అన్ని నెలల, అన్ని ఏళ్ల పదిహేనో తేదీలూ ఒకచోట గుంపు కడతాయి. తేదీ మధ్య ఏటవాలు గీత పెడితే విండోస్ అసలు ఒప్పుకోదు.

తెలుగులో పేరు పెట్టుకోవచ్చు, నిక్షేపంగా. కాకపోతే ‘కొల్లేరు’ మన కంటికి మూడక్షరాలు. గుణింతాలూ ఒత్తూ విడివిడిగా లెక్కపెట్టే యూనికోడ్‌కు ఎనిమిది. విండోస్‌లో చాలా ప్రోగ్రాములకు ఫోల్డర్లతో కలిపి మొత్తం చిరునామా 260 లోపే ఉండాలి. పేరు పొట్టిగా ఉంటేనే మేలు.

డీటీపీ సెంటర్లో అను ఫాంట్లతో కొట్టించిన పాత ఫైళ్లది ఇంకో తంటా. తెరమీద తెలుగే కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి వేరే సంకేతాలు. ‘కొల్లేరు’ అని యూనికోడ్‌లో వెతికితే దొరకవు. అలాంటివాటికి విషయం తెలిసేలా ఫైలు పేరు మార్చిపెట్టుకోండి. సర్దడం అయ్యాక మొత్తం ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేయండి. అదే డిస్కులో ఎన్ని కాపీలున్నా, డిస్కు పాడైతే అన్నీ పోతాయి.