ఒకే గ్రంథము, వేరు వేరు పత్రములు



గత మాసమున తొమ్మిదవ తరగతి బాలిక యొకతె నన్ను ఇట్లు అడిగినది: “అయ్యా, మన దేహమంతయు మొదట ఒకే జీవకణమునుండి పెరిగినదని పాఠములో చదివితిమి. అట్లయిన ఒక కణము కంటిలోనిదిగాను, మరియొకటి ఎముకలోనిదిగాను ఎట్లు మారినది? ఏ కణమునకు ఏ పని యని ఎవరు చెప్పిరి?” నేను తెలుగు చెప్పువాడనే గాని విజ్ఞానశాస్త్రము చెప్పువాడను కాను. కాని ప్రశ్న మంచిది. పైగా ఇట్టి సంగతులను తెలుగులో చెప్పుట సాధ్యము కాదని మన తల్లిదండ్రులలో కొందరికి సందేహము కలదు. ఈ రెండింటిని మనసులో నుంచుకొని, చదివి గ్రహించినంత వ్రాయుచున్నాను.

ఈ ప్రశ్నకు చక్కని ఉదాహరణము మన రక్తములోని ‘టి’ కణములు. ఇవి తెల్ల కణములలో ఒక జాతి. వీనిలో కొన్ని, క్రిములు చొచ్చిన కణములను గుర్తించి చంపును. కొన్ని తక్కిన రక్షక కణములకు తోడ్పడును. మరికొన్ని ఆ పోరాటము హద్దు మీరకుండ ఆపును. ఈ మూడు తెగలును ఎముకల మూలుగలో పుట్టిన ఒకే విధమైన మూలకణములనుండి వచ్చినవే.

ఇది ఎట్లు జరుగునో తెలిసికొనుటకు ఒక తాళపత్ర గ్రంథమును ఊహింపుడు. తంజావూరి సరస్వతీ మహలు గ్రంథాలయమున అట్టివి అనేకము కలవు. మూలము పెట్టె దాటి రాదు. కావలసిన పత్రమునకు లేఖకుడు ప్రతి వ్రాసి యిచ్చును. మన కణములలోని గ్రంథము పేరు డి.ఎన్.ఏ. దాని అక్షరమాలలో నాలుగే అక్షరములు. గ్రంథమున మాత్రము సుమారు 300 కోట్ల అక్షరములు. మాంసకృత్తులను ఎట్లు కట్టవలెనో తెలుపు జన్యువులు సుమారు 20,000. కంటి కణములోను, ఎముక కణములోను ఉన్న గ్రంథము ఒక్కటే. ఏ పత్రమునకు ప్రతి తీయబడుచున్నది అనుటలోనే భేదమెల్ల ఉన్నది.

ఏ పత్రమును విప్పవలెనో, దేనిని కట్టి యుంచవలెనో లేఖకునికి చూపు మాంసకృత్తులను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అందురు. తెలుగున అనులేఖన కారకములు అనవచ్చును. ఈ కారకములు సైతము ఆ గ్రంథములోని పత్రముల ననుసరించియే తయారగును. అనగా ఒక పత్రమునకు ప్రతి తీసినచో, తరువాతి పత్రమును చూపువాడు పుట్టును. ఇట్లు ఒకదాని వెంట నొకటి నడచును.

‘టి’ కణములకు పాఠశాల థైమస్ గ్రంథి. ఇది రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగమున నుండును. బాల్యమున పెద్దదిగా నుండి, వయసుతో క్షీణించును. ఇది దేనికో చాలకాలము ఎవరికిని తెలియదు. 1961లో లండనులో పనిచేయుచుండిన జాక్ మిల్లరు, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలనుండి దీనిని తొలగించి చూచెను. అవి అంటురోగములకు సులభముగా లోనయ్యెను. పరాయి ఎలుక చర్మమును అతికినను త్రోసివేయజాలకపోయెను. రక్షణశక్తికి ఈ గ్రంథియే మూలమని అట్లు తేలినది. థైమస్ పేరులోని మొదటి ఆంగ్లాక్షరమే ‘టి’.

మూలుగనుండి వచ్చిన బాలకణము థైమస్‌లో ప్రవేశింపగనే అచ్చటి కణములు దానిని తాకి ‘నాచ్’ అను సంకేతమును అందించును. దానితో టి.సి.ఎఫ్.-1, గాటా-3 అను కారకములు మేల్కొనును. ఆ పిమ్మట బి.సి.ఎల్.11బి. వచ్చును. ఈ చివరిది పాత దారులను మూసివేయు కారకము. 2010లో ఎలుకలపై జరిగిన ప్రయోగములలో దీనిని తొలగింపగా, ‘టి’ కణములు కావలసినవి తమ దారి తప్పి, సహజ హంతక కణములనెడు వేరొక జాతిని పోలినవిగా మారెను. క్రొత్త పత్రమును విప్పుట ఎంత ముఖ్యమో, పాత పత్రమును కట్టివేయుటయు అంత ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

పిమ్మట కఠినమైన పరీక్ష. మన దేహమునే శత్రువుగా భావించు కణములు, ఏమియు గుర్తింపజాలని కణములు అచ్చటనే నశించును. నూటికి 95కు పైగా ఉత్తీర్ణత లేక రాలిపోవును. మిగిలిన వానిలో థ్‌పాక్ అను కారకము గలవి సహాయక కణములగును. రంక్స్-3 గలవి హంతక కణములగును. సహాయక కణములు బయటికి వచ్చిన పిమ్మటను నేర్చుకొనుచునే యుండును. క్షయక్రిమివలె కణములలో దాగు శత్రువు ఎదురైనచో టి-బెట్, ప్రేగులలోని పురుగులు ఎదురైనచో మరల గాటా-3 వానిని నడుపును.

ఈ కారకములలో ఒక్కటి చెడినచో ఏమగును? 1940 దశకమున అమెరికాలోని ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలో కొన్ని మగ ఎలుకలు పొలుసులు రాలు చర్మముతో, ఉబ్బిన ప్లీహముతో పుట్టి, కొన్ని వారములలోనే చనిపోవుచుండెను. వాని రక్షక కణములే వాని అవయవములను కొరికివేయుచుండెను. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అనువారు కారణమును వెదకుచు, అనుమానింపదగిన 20 జన్యువులను వరుసగా పరీక్షించిరి. దోషము ఇరువదియవదానిలో దొరకినది! అదియే ఫాక్స్‌పి-3. అందు రెండక్షరములు అధికముగా చేరినవి. పద్యమున రెండక్షరములు హెచ్చినచో ఛందోభంగమగును. ఇచ్చట ప్రాణభంగమే అయినది.

ఈ జన్యువు చెడిన మగశిశువులకును ఇట్టి ఘోరవ్యాధియే కలుగునని 2001లో రుజువైనది. పసితనముననే మధుమేహము, ఆగని విరేచనములు, చర్మరోగము వారిని పీడించును. అంతవరకు ఆ తల్లిదండ్రులకు తమ బిడ్డల వ్యాధికి మూలమేమో చెప్పువారు లేరు. నేడు మూలుగ మార్పిడిచే కొందరిని బ్రదికించుచున్నారు. పోరాటమును అదుపుచేయు ‘టి’ కణములను ఫాక్స్‌పి-3యే తీర్చిదిద్దునని 2003లో జపానుకు చెందిన షిమోన్ సకగూచి మొదలగువారు చూపిరి. బ్రంకో, రామ్స్‌డెల్, సకగూచి మువ్వురును 2025లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి.

కావున, బాలికా, నీ ప్రశ్నకు సమాధానమిది: ఏ కణమునకును పని పుట్టుకతో పూర్తిగా నిర్ణయమై యుండదు. చేరిన చోటు, అందిన సంకేతము, విప్పిన పత్రము, మూసిన పత్రము – ఇవి కలిసి దానిని తీర్చును. తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ వ్యాసమున పేర్లు మాత్రమే అరువు తెచ్చుకొంటిమి. అర్థమంతయు ఇంటిభాషలోనే చెప్పుకొంటిమి. ఈ రాత్రి మీ బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని, దీనిని తన మాటలలో చెప్పుమని అడుగుడు.