అలలు తగలని చోటు

మైపాడు వైపో, తుమ్మలపెంట వైపో సముద్రపు ఒడ్డుకు వెళ్ళినప్పుడు పడవలను ఎంత దూరాన నిలిపి వుంచారో గమనించారా? ఇసుక మీద ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు ఒక వరుసగా పడి వుంటాయి. పోటు వచ్చినప్పుడు నీరు చేరే హద్దు అదే. వేట ముగించి వచ్చినవారు పడవను ఆ గీత దాటించి పైకి లాగుతారు. అమావాస్యకూ పున్నమికీ పోటు మరికొంత ముందుకు వస్తుందని వారికి తెలుసు. సముద్రానికి ఎవరి మీదా పగ లేదు. తన హద్దులో వున్నదాన్ని తీసుకుపోతుంది, అంతే.

కంప్యూటరులో కూడా ఇటువంటి గీత ఒకటి వుంది. అయితే అది కంటికి కనిపించదు. అది తెలియకనే చాలామంది తాము శ్రమపడి పెట్టుకున్న ప్రోగ్రాములను పోగొట్టుకుంటారు.

ముందు రెండు మాటలు తెలుసుకుందాం. కంప్యూటరులోని యంత్రభాగాలన్నిటినీ నడిపించే మూల ప్రోగ్రాముల సముదాయాన్ని ఆపరేటింగు సిస్టం అంటారు. దాన్ని తయారుచేసినవారు అప్పుడప్పుడు లోపాలు సవరించి కొత్త ఫైళ్ళు పంపుతారు. ఇది అప్‌డేటు. ఇవి కాక మనం స్వయంగా తెచ్చి పెట్టుకునేవి కొన్ని వుంటాయి. చిక్కంతా వీటితోనే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ బడి కంప్యూటరులో ‘బాస్’ అనే లినక్సు వుందనుకోండి. సీ-డాక్ సంస్థ చెన్నైలో రూపొందించిన ఈ లినక్సు 2007లో వెలువడింది. దీనికి ఆధారం 1993లో మొదలైన డెబియన్ అనే లినక్సు. మీరు గోడపత్రికకోసం ‘పోతన’ ఫాంటు వాడుతున్నారు. ఒత్తులు సరిగా కుదిరిన కొత్త ప్రతి ఒకటి దొరికింది. పాత ఫైలు తీసేసి, అదే చోట, అదే పేరుతో కొత్తదాన్ని పెట్టారు. అక్షరాలు ముచ్చటగా వచ్చాయి. కొన్ని నెలలకు అప్‌డేటు వచ్చింది. మర్నాడు చూస్తే మళ్ళీ పాత ఒత్తులే! పంక్తులు జరిగిపోయి, మీరు అమర్చిన పేజీ చెల్లాచెదరైంది.

మీరు టైపు చేసిన వ్యాసం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఎందుకంటే కంప్యూటరు అక్షరం బొమ్మను దాచుకోదు, దాని సంఖ్యను దాచుకుంటుంది. యూనికోడులో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. అందులో ‘అ’ సంఖ్య 3077. ఆ సంఖ్యకు రూపం ఇచ్చేదే ఫాంటు.

మరి కొత్త ఫాంటు ఎందుకు పోయింది? బడిలో స్టాకు రిజిస్టరు చూసేవుంటారు. ఎన్ని బల్లలు, ఎన్ని బీకర్లు, ఏవి ఏ గదిలో వున్నాయి అన్నీ అందులో రాసి వుంటాయి. డెబియన్‌లో ‘డీపీకేజీ’ అనే ప్రోగ్రాము అటువంటి రిజిస్టరునే రాస్తుంది. ఏ ప్యాకేజీ వచ్చినా, అందులోని ఒక్కొక్క ఫైలు ఏ చోట చేరిందో నమోదవుతుంది. ఆ ప్యాకేజీకి కొత్త కూర్పు వస్తే, రిజిస్టరులో తన పేరున వున్న చోటల్లా తన ఫైళ్ళనే పెడుతుంది. అక్కడ మీరు మార్చిపెట్టిన ఫాంటు వుందని దానికి తెలియదు. మిమ్మల్ని అడగదు కూడా.

ఒక్క సందర్భంలో మాత్రం అడుగుతుంది. ప్రోగ్రాము నడిచే తీరును నిర్ణయించే అమరిక ఫైళ్ళను మీరు మార్చివుంటే, ‘మీది వుంచమంటారా, కొత్తది పెట్టమంటారా?’ అంటుంది. ఊరికే ఎంటరు నొక్కితే మామూలుగా మీదే వుంటుంది. అయినా చదవకుండా నొక్కే అలవాటు మంచిది కాదు!

ఈ చిక్కును ముందే ఊహించినవారున్నారు. ఏ ఫైలు ఏ అరలో వుండాలో నిర్ణయించే నియమావళి ఒకటి 1994లో లినక్సుకోసం వెలువడింది. దాని ప్రకారం ‘/యూఎస్ఆర్’ అనే అర సిస్టంది. దాని లోపలే ‘/యూఎస్ఆర్/లోకల్’ అనే చిన్న అరను ఆ కంప్యూటరును చూసుకునే మనిషికి వదిలేశారు. అప్‌డేటు అక్కడి ఫైళ్ళను తుడిచి రాయకూడదు. మనం వెతుకుతున్న గీత ఇదే. మీ ఫాంటును ‘/యూఎస్ఆర్/షేర్/ఫాంట్స్’లో కాక ‘/యూఎస్ఆర్/లోకల్/షేర్/ఫాంట్స్’లో పెట్టివుంటే ఆ ఫైలు భద్రంగా వుండేది. ప్రోగ్రాములకయితే ఇంకో సౌకర్యం వుంది. ఒకే పేరున్న ప్రోగ్రాము రెండు చోట్లా వుంటే, డెబియన్ సాధారణంగా ముందు లోకల్ అరలోనే వెతుకుతుంది.

‘ఇంత గొడవ ఎందుకు, అప్‌డేట్లే మానేస్తే సరి’ అని మీలో ఎవరికైనా తోచవచ్చు. 2017 మార్చి 14న మైక్రోసాఫ్టు సంస్థ విండోసులోని ఒక లోపానికి సవరణ పంపింది. సరిగ్గా ఆ లోపాన్నే ఆసరాగా చేసుకుని మే 12న ‘వానాక్రై’ అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా పాకింది. ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. సవరణ వేసుకోని కంప్యూటర్లు దానికి చిక్కాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ మరుసటి ఏడు ఇంకా విచిత్రం జరిగింది. ‘జ్ఞా’ అనే మన అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు చేర్చి పంపితే ఐఫోనులో సందేశాలు చూపే ప్రోగ్రాములు కుప్పకూలాయి! 2018 ఫిబ్రవరి 19న వచ్చిన అప్‌డేటుతో అది సరిపడింది. తెలుగు రాసేవాళ్ళకు అప్‌డేటు అక్కర లేదని ఎలా అనగలం?

ఇక్కడొక మెలిక వుంది. గీతకు పైనున్న పడవను అల ముట్టుకోదు. కానీ దానికి చిల్లు పడితే పూడ్చవలసింది యజమానే. లోకల్ అరలో మీరు పెట్టిన ప్రోగ్రాములో లోపం బయటపడితే సిస్టం అప్‌డేటు దాన్ని సరిచేయదు. కొత్త కూర్పు వచ్చిందేమో మీరే చూసుకుంటూ వుండాలి.

ఫైలు చెక్కుచెదరకుండా వున్నా పని ఆగిపోయే సందర్భమూ వుంది. 2021లో వచ్చిన డెబియన్ 11లో పైథాన్ 3.9 వుండేది. 2023లో వచ్చిన డెబియన్ 12లో 3.11 వుంది. మీరు పైథానుకోసం విడిగా తెచ్చుకున్న భాగాలు ‘3.9’ పేరున్న అరలో చేరివుంటాయి. డెబియన్ 12కు మారాక కొత్త పైథాను ‘3.11’ పేరున్న అరలో వెతుకుతుంది. పాతవి అక్కడే పదిలంగా వున్నా దాని కంట పడవు. వాటిని ఊరికే కొత్త అరలోకి మార్చినా అన్నీ పనిచేయవు. కొన్ని పాత పైథానుకు సరిపడేలా తయారైనవి. కొత్త పైథానుకు తగినవి మళ్ళీ తెచ్చుకోవలసిందే. తనకు కావలసిన సరంజామా అంతా వెంటబెట్టుకు వచ్చే ప్రోగ్రాములు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటికి ఈ బాధ తక్కువే గాని, డిస్కులో చోటు ఎక్కువ తింటాయి.

నన్నడిగితే బడి కంప్యూటరు పక్కన ఒక నోటుపుస్తకం పెట్టమంటాను. విడిగా పెట్టిన ప్రోగ్రాము పేరు, ఎన్నో కూర్పు, ఎక్కడనుంచి తెచ్చారు, ఏ అరలో పెట్టారు, ఏ తేదీన పెట్టారు రాయండి. తెచ్చిన మూల ఫైలును పెన్‌డ్రైవులో దాచండి. తుపాను రోజుల్లో మన తీరంలో కరెంటూ వుండదు, ఇంటర్నెట్టూ వుండదు. పోయినదాన్ని అప్పుడు మళ్ళీ దించుకోవడం కుదిరే పని కాదు. పైగా సిస్టంను మొదటినుంచి కొత్తగా ఎక్కిస్తే లోకల్ అర కూడా తుడిచిపెట్టుకు పోవచ్చు.

మీ ఇళ్ళలోని ఫోనులో ఈ గీతను ఇంకా గట్టిగా గీశారు. ఆండ్రాయిడులో సిస్టంకు వేరే విభాగం, మీరు దించుకున్న ఆప్‌లకూ మీ ఫొటోలకూ వేరే విభాగం వుంటాయి. అప్‌డేటు మొదటిదాన్నే మారుస్తుంది. 2016లో వచ్చిన ఆండ్రాయిడు 7తో మరో ఉపాయం చేర్చారు. చాలా ఫోన్లలో సిస్టంకు రెండు గదులు వుంటాయి. ఒకటి ఫోనును నడుపుతూ వుండగా, రెండోదానిలో అప్‌డేటు చేరుతుంది. మధ్యలో ఛార్జి అయిపోయి ఫోను ఆగినా మొదటి గది అలాగే వుంటుంది.

డెబియన్ లేదా దాని ఆధారంగా వచ్చిన లినక్సు మీ బడిలో వుంటే ఈ చిన్న పరీక్ష చేయండి. దీనివల్ల ఏ ఫైలూ మారదు, భయం లేదు. టెర్మినలులో ‘డీపీకేజీ’ అనే ఆజ్ఞ ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేసి, ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, దాన్ని ఆనుకుని పెద్ద అక్షరం ‘ఎస్’ కొట్టండి. మళ్ళీ ఖాళీ వదిలి ‘/యూఎస్ఆర్/బిన్/పైథాన్3’ అనే ఫైలు చిరునామా ఇవ్వండి. ఆ ఫైలు ఏ ప్యాకేజీదో రిజిస్టరు చూసి చెబుతుంది. తరువాత మీరు సొంతంగా రాసి దాచుకున్న ఒక ఫైలు చిరునామా ఇచ్చి అడగండి. అటువంటిదేదీ తన లెక్కలో లేదంటుంది.