తుంటి గిన్నె విరిగినపుడు సకాలంలో శస్త్రచికిత్సే శరణ్యం

అమలాపురం: కొబ్బరి చెట్టుపై నుండి జారిపడిన దింపు కార్మికులకు, 216వ జాతీయ రహదారిపై ప్రమాదాలకు గురైన వాహనచోదకులకు కలిగే తీవ్ర గాయాలలో తుంటి గిన్నె ఎముక విరగడం ఒకటి. ఈ గాయానికి సకాలంలో శస్త్రచికిత్స జరిగినట్లయితే నలుగురిలో ముగ్గురు మంచి ఫలితం పొందగలరని వైద్య అధ్యయనాలు వెల్లడిస్తున్నాయి.

కటి ఎముకలో గిన్నె ఆకారంలో ఉండే భాగంలో తొడ ఎముక తల అమరి, కీలు సాఫీగా కదులుతుంది. ఎత్తు నుండి పక్కకు పడినపుడు, లేదా కారు ఢీకొని మోకాలు ముందు భాగానికి బలంగా తగిలినపుడు తొడ ఎముక తల గిన్నెను బద్దలు కొడుతుంది. ముక్కలు ఎగుడుదిగుడుగా అతుకుకొన్నచో కీలు అరిగి, నడక కష్టమవుతుంది. ఈ ఎముక శరీరంలో లోతున ఉన్నందున పైనుండి వేసే ఏ కట్టుతోనూ ముక్కలను సరిచేయుట సాధ్యం కాదు.

పూర్వం ఇట్టి రోగులను నెలల తరబడి మంచానికే పరిమితం చేసి కాలికి బరువు కట్టెడివారు. ఫ్రాన్సుకు చెందిన రాబర్ట్ జూడె, ఎమిల్ లెటూర్నెల్‌లు 1964లో ఈ విరుగుళ్ళను వర్గీకరించి, ఆధునిక శస్త్రచికిత్సకు బాట వేశారు. నేడు సీటీ స్కాన్‌తో ముక్కల స్థితిని గుర్తించి, ప్లేట్లు, స్క్రూలతో బిగిస్తున్నారు. ముక్కలు కదలక, కీలు నిలకడగా ఉన్నవారికి శస్త్రచికిత్స అవసరం ఉండకపోవచ్చును.

అమెరికా వైద్యుడు జోయెల్ మాటా 1996లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు వారాలలోగా శస్త్రచికిత్స జరిగిన 262 విరుగుళ్ళలో 76 శాతం ఉత్తమ లేక మంచి ఫలితాలు నమోదైనవి. 2012లో వెలువడిన 810 మంది రోగుల అధ్యయనం ప్రకారం 20 సంవత్సరాల వరకు సొంత కీలు నిలిచే అవకాశం 79 శాతం. అయితే 3,670 విరుగుళ్ళను సమీక్షించిన 2005 నాటి విశ్లేషణలో సుమారు 20 శాతం మందికి కీలు అరుగుదల వచ్చినట్లు తేలింది. నరానికి దెబ్బ, ఇన్‌ఫెక్షన్, కాలి సిరలలో రక్తపు గడ్డలు ఇతర ప్రమాదాలు. ముక్కలు ఎంత కచ్చితంగా అమరితే ఫలితం అంత మేలు.

ఈ కచ్చితత్వం కాలంపై ఆధారపడి ఉంటుంది. కీలు తొలగినచో కొద్ది గంటలలోనే సరిచేయవలెను. ఆలస్యమైన కొద్దీ తొడ ఎముక తలకు రక్తప్రసరణ దెబ్బతినే ప్రమాదం హెచ్చును. మూడు వారాలు దాటినచో ముక్కలు అతుకుకొని, వాటిని విడదీసి కూర్చుట కఠినమగును. నాటు కట్టులతో గడిపే రోజులు ఈ గడువులో నుండే తరిగిపోతాయి.

గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమలో, వరదల వేళ లంక గ్రామాలవారు పడవ దాటి రావలసి ఉన్నందున ఈ విషయం మరింత ముఖ్యమైనది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో గాయపడినవారిని నడిపించక, కాలును కదలనీయక, 108 వాహనంలో ఆసుపత్రికి తరలించవలెను. అవసరమైనచో కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి వంటి ఉన్నత స్థాయి ఆసుపత్రికి జాప్యం లేకుండా పంపవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమైన, ప్రస్తుత డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పథకం గురించి అర్హులు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను సంప్రదించవచ్చును. రోడ్డు ప్రమాద బాధితులకు సద్భావంతో సహాయపడినవారికి 2019 మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించినది.

శస్త్రచికిత్స అనంతరం సాధారణంగా రెండు మూడు నెలలు కాలిపై పూర్తి భారం మోపరాదు. దింపు పని వంటి శ్రమకు మరలుట వైద్యుని సలహాపైనే జరగవలెను.