అరకులో సరస్సు లేదు, నీళ్లకు కొదవ లేదు

వరి నూర్పుళ్లు అయిపోయి ధాన్యం ఇంటికి చేరాక, సంక్రాంతికి ఇంకా కొన్నాళ్లుందనగా మైదాన పల్లెల్లో అరకు ప్రయాణం మాట మొదలవుతుంది. పదిమంది కలిసి ఒక వ్యాను మాట్లాడుకుంటారు. తెల్లవారుజామున బయల్దేరి బొర్రా గుహలు చూసి, పద్మాపురం తోటలో ఫొటోలు దిగి, చాపరాయిలో స్నానాలు చేసి, బొంగులో చికెన్ తిని, చీకటి పడ్డాక ఘాట్‌రోడ్డు దిగుతారు. ఒక్క రోజులో నాలుగు చోట్లు. డబ్బు ఖర్చవుతుంది, ఒళ్లు హూనమవుతుంది. మర్నాడు ఏం చూసి వచ్చారని ఇరుగుపొరుగు అడిగితే ‘జనాన్ని’ అంటారు.

అన్నిటికంటే ప్రమాదం ఆ చీకటి ప్రయాణమే. 2021 ఫిబ్రవరి 12న అరకు చూసుకుని దిగుతున్న పర్యాటకుల బస్సు అనంతగిరి మండలం డముకు వద్ద లోయలో పడింది. నలుగురు చనిపోయారు. వారు హైదరాబాదు నుంచి వచ్చినవారు. ఈ రోడ్డు తెలియని డ్రైవరుకు మలుపు తర్వాత ఏముందో పగలే సరిగా తెలియదు. మంచు కమ్మిన రాత్రి సంగతి చెప్పనక్కరలేదు. వ్యాను మాట్లాడేటప్పుడు కిరాయి ఎంత అని బేరమాడే పెద్దలు, డ్రైవరు ముందురోజు రాత్రి నిద్రపోయాడా, బ్రేకులు చూపించాడా అని కూడా అడగాలి. ఇంకో రాత్రి బసకు అయ్యే ఖర్చుకు వెనకాడి చీకట్లో దిగడం ఆదా కాదు.

కాబట్టి వెళ్తే మూడు రోజులు వెళ్లాలి. నాలుగు చోట్లు తిరగడం మాని, నీటి వెంట వెళ్లాలి. పేరుపొందిన కొండ ఊళ్లకు మధ్యలో ఒక సరస్సు ఉంటుంది. ఊటీకీ ఉంది, కొడైకెనాల్‌కీ ఉంది. ఆంధ్రా ఊటీ అని పిలిపించుకునే అరకులో అలా ఒడ్డున కూర్చుని చూసే సరస్సు లేదు. కాని ఈ కొండలు నీటిని రెండు వైపులకు పంచిపెడతాయి. తూర్పు వాలు నీరు గోస్తనీ నదిగా భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. పడమటి నీరు మాచ్‌ఖండ్ అయి, సీలేరు అయి, శబరిలో పడి గోదావరికి పోతుంది. రెండు నదుల మీదా కట్టలు ఉన్నాయి. కింద తాటిపూడి, పైన జోలాపుట్టు. ఈ రెండు జలాశయాల మధ్యనే అరకు యాత్ర అంతా ఉంది.

గోస్తనీ వెంట

మొదటి మజిలీ తాటిపూడి. గంట్యాడ మండలంలో కొండల నడుమ గోస్తనీకి 1960ల్లో కట్టిన జలాశయం ఇది. కింద పొలాలకు సాగునీరు, విశాఖ నగరానికి తాగునీరు ఇక్కడి నుంచే. చుట్టుపక్కల వారికి కార్తీక మాసంలో వనభోజనాల చోటు. ఉదయం ఎండ పొడవకముందే గట్టు మీద నిలబడితే ఎదురుగా నీళ్లలో కొండల నీడ కనిపిస్తుంది.

బోటు షికారు ఉన్న రోజైతే ఒక్క నియమం. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కరాదు. ఇచ్చిన జాకెట్ ఉక్కపోస్తోందని విప్పరాదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయినవారి బోటు కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగితే దాదాపు యాభై మంది చనిపోయారు. ఈత వచ్చు కదా అనుకునే కుర్రవాళ్లకు ఆ లెక్క చెప్పాలి.

అక్కడి నుంచి శృంగవరపుకోట మీదుగా కొండెక్కితే అదే గోస్తనీ బొర్రాలో మళ్లీ ఎదురవుతుంది. పూర్వం ఒక ఆవు కొండ మీది బిలంలో పడిపోతే, వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల శివలింగం లాంటి రాయి, దాని మీద ఆవు కనిపించాయని, ఆ ఆవు పొదుగు నుంచి నది పుట్టిందని స్థలపురాణం. గోస్తనీ అన్న పేరు అందుకే. శివరాత్రికి ఇక్కడ జాతర జరుగుతుంది. శాస్త్రజ్ఞులు చెప్పేది వేరే కథ, అదీ నీటిదే. వాననీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగి రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ నీటిబొట్టు పైకప్పు నుంచి జారేటప్పుడు కాస్త సున్నాన్ని అక్కడే వదిలిపెడుతుంది. అలా పై నుంచి వేలాడేవి కొన్ని, నేల నుంచి లేచేవి కొన్ని. వేళ్ల మందం పెరగడానికే తరాలు పడుతుంది. దాన్ని జ్ఞాపకార్థం విరిచి జేబులో వేసుకునే మహానుభావులు ఇప్పటికీ ఉన్నారు. లోపల గైడ్లుగా పనిచేసే స్థానిక యువకులు వారిస్తే వారితోనే తగవు పెట్టుకుంటారు!

గుహలకు వచ్చినవారిలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ అనంతగిరి కొండల్లో సున్నపురాయి, ఇతర ఖనిజాల కోసం ఇచ్చిన గనుల లీజుల మీద గిరిజనుల పక్షాన ‘సమత’ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997 జూలై 11న తీర్పు చెప్పింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వడం చెల్లదన్నది దాని సారం. దేశమంతటా ‘సమత తీర్పు’గా వకీళ్లు చెప్పుకునేది అదే.

రైలా, రోడ్డా?

వృద్ధులు, పిల్లలు ఉన్నవారికి రైలే మేలు. విశాఖ నుంచి ఉదయం బయల్దేరే కిరండోల్ ప్యాసింజరు కొత్తవలస, శృంగవరపుకోటల మీదుగా వస్తుంది. బొద్దవర దాటాక ఎక్కుడు మొదలు. ఎక్కేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే లోయ అంతా కనిపిస్తుంది. అద్దాల పెట్టె 2017లో వచ్చింది, దాని టిక్కెట్టు ఖరీదు వేరు. గుహల మీదుగానే పట్టాలు వెళ్తాయి కాబట్టి బొర్రా చూసేవారు బొర్రా గుహలు స్టేషనులో దిగవచ్చు. అరకుకు ముందు వచ్చే శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది.

ఈ లైను ప్రయాణికుల కోసం వేసినది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేశారు. ఇప్పటికీ పెద్దపీట గూడ్సు బళ్లకే. ప్యాసింజరు ఎక్కడైనా గంటసేపు ఆగిపోతే కంగారు పడనక్కరలేదు. వానాకాలంలో కొండచరియలు విరిగి పట్టాల మీద పడడం మామూలు. ఆ నెలల్లో బయల్దేరేముందు స్టేషనులో విచారించుకోవడం మంచిది. అన్నం మూట వెంట ఉంటే నిశ్చింత.

అరకు ఊళ్లో చూడవలసినవి సగం రోజులో అయిపోతాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, సైనికులకు కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోటే పద్మాపురం. గిరిజన మ్యూజియం మాత్రం ఫొటో దిగి వచ్చేసే చోటు కాదు. పనిముట్లు, బుట్టలు, వేట సామాను చూస్తే పల్లెటూరి రైతుకు పట్నవాసి కంటే ఎక్కువ అర్థమవుతుంది. ధింసా నాట్యం అడిగినప్పుడల్లా డబ్బులకు ఆడి చూపిస్తారు. అది తప్పేమీ కాదు, వారికి నాలుగు రూపాయలు వస్తాయి. కాని ధింసాకు అసలు కాలం చైత్రంలో ఇటుకల పండుగ. ఆ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా తాళ్లు కట్టి వచ్చేపోయే బళ్లను ఆపి కానుక అడుగుతారు. ఆపినవారిని చూసి భయపడి తగాదాకు దిగకుండా, తోచింది ఇచ్చి పోవడమే మర్యాద.

వలిసె తోట ఎవరిది?

నవంబరులో వచ్చేవారిని కట్టిపడేసేది వలిసె పూలు. కొండవాలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. సినిమాలో చూసిన పూలతోట కదా అని జనం అందులోకి దిగిపోతారు. నడుమన పడుకుని ఫొటోలు తీయించుకుంటారు. అది తోట కాదు, పంట. ఆ గింజల నుంచి నూనె తీస్తారు. అసలే బంగారుతీగ పట్టి దిగుబడి పోగొట్టుకుంటున్న గిరిజన రైతుకు తొక్కిన ప్రతి మొక్కా నష్టమే. కొందరు రైతులు పొలం అంచున దారి వేసి, ఫొటోకు పదో ఇరవయ్యో తీసుకుంటున్నారు. దానికి ‘పొలంలో నిలబడినందుకు కూడా డబ్బులా’ అని గొణిగేవారు, తమ పెసర చేలో పరాయి ఊరివాళ్లు వ్యాను దిగి దొర్లితే ఏం చేస్తారో ఆలోచించుకోవాలి.

కాఫీ తోటల్లోనూ అంతే. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగలు. నవంబరు నుంచి ఎర్రపండ్లు కోతకు వస్తాయి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండు పండ్లు తెంపి నోట్లో వేసుకుంటే కాఫీ రుచి ఏమీ ఉండదు. పొడి కొనుక్కోవాలంటే గిరిజన సహకార సంస్థ డిపోల్లో దొరుకుతుంది, తేనె కూడా. శుక్రవారం అరకు సంతకు కొండ ఊళ్ల నుంచి పసుపు, అల్లం, చీపుళ్లు, రాజ్‌మా దిగుతాయి. నెత్తిన మోసుకుని మైళ్ల దూరం నడిచి వచ్చిన ముసలమ్మ దగ్గర రెండు రూపాయలకు బేరమాడడం పల్లెవాళ్లకు తగదు. అడగకుండా ముఖం మీద ఫోను పెట్టి ఫొటో తీయడం అసలే తగదు.

ఇంకొక మాట. కాస్త డబ్బున్నవారిని చూసి ‘ఇక్కడ ఎకరం చవకగా ఇప్పిస్తాం, రిసార్టు కట్టుకోండి’ అనే మధ్యవర్తులు తగులుతారు. 1/70 చట్టం ప్రకారం ఈ ప్రాంతంలో గిరిజనేతరుడు భూమి కొనడం చెల్లదు. గిరిజనుడి పేర బినామీగా పెట్టుకున్నా నిలవదు. యాత్రకు వచ్చి పంట డబ్బు పోగొట్టుకోవద్దు.

చాపరాయి డుంబ్రిగుడ మండలంలో ఉంది. వెడల్పాటి రాతిపలక మీదుగా గెడ్డ జారుతుంది. లోతు లేనట్టే కనిపిస్తుంది. రాతి మీద పాచి కనిపించదు. జారినవాడు పలక దిగువన ఉండే గుండంలో పడతాడు. ఇక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి. పోయినవారిలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. పై కొండల్లో వాన కురిస్తే ఇక్కడ ఎండగా ఉన్నా ప్రవాహం పెరుగుతుంది. నీటి రంగు ఎర్రబడితే పిల్లలతో సహా వెంటనే ఒడ్డుకు రావాలి. తాగి నీళ్లలో దిగేవారి పక్కన పిల్లల్ని ఉంచరాదు.

కొండ మీది జలాశయం

మూడో రోజు ఓపిక ఉన్నవారికి జోలాపుట్టు. అరకు నుంచి డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు మీదుగా సరిహద్దు దాకా పోవాలి. మాచ్‌ఖండ్ నదికి ఆంధ్ర, ఒడిశాల హద్దులో కట్టిన ఆనకట్ట వెనక దాదాపు 34 టీఎంసీల నీరు నిలుస్తుంది. యూరప్ పర్వత సరస్సుల బొమ్మలు క్యాలెండరులో చూసి మురిసేవారు ఒక్కసారి ఇక్కడ నిలబడాలి. కొండల వేళ్ల మధ్యకు చొచ్చుకుపోయిన నీళ్లు, నీళ్ల మధ్య దిబ్బలు, దిబ్బల మీద చేలు. హోటలు లేదు, బోటు షికారు లేదు, జనం లేరు.

ఈ నీళ్ల కింద ఊళ్లు ఉన్నాయి. మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రం 1955లో మొదలైంది. ఉత్తరాంధ్రకు కరెంటు ఇచ్చిన తొలి పెద్ద కేంద్రం అదే. మైదానంలో చాలా పల్లెల్లో లాంతరు ఆరిపోయి బల్బు వెలిగింది ఆ కరెంటుతోనే. దానికోసం రెండు వైపులా గిరిజన గూడేలు మునిగాయి. భూములు పోయినవారు ఎగువ మెట్టలకు ఎక్కి, అడవి కొట్టుకుని పోడు చేసుకున్నారు. వారి గూడేలకు కరెంటు రావడానికి ఏళ్లూ పూళ్లూ పట్టింది. నీటిమట్టం తగ్గిన వేసవిలో బయటపడ్డ ఒండ్రు నేలలో పంట వేసుకుంటారు. మళ్లీ వానలకు అది నీటిలోకి పోతుంది.

గట్టున నాటు పడవలు కనిపిస్తాయి. అవి షికారు పడవలు కావు. అవతలి గూడెం నుంచి సంతకు, ఆసుపత్రికి, బడికి వచ్చేవారికి అవే బస్సులు. డబ్బులిస్తామంటే ఎక్కించుకునేవారు ఉంటారు. ఎక్కరాదు. ఇదే నది దిగువన సీలేరు జలాశయంలో 2021 మే నెలలో నాటు పడవలు మునిగి, ఊళ్లకు తిరిగి వెళ్తున్న కూలీలు చనిపోయారు. వారికి వేరే దారి లేక ఎక్కారు.

ఇంకా కొంతదూరం పోతే ఒడిశా వైపు డుడుమ జలపాతం. అయిదు వందల అడుగులకు పైబడిన దూకుడు. విద్యుత్తుకు నీరు మళ్లించడంతో ఎండాకాలం అది సన్నబడుతుంది. వానలు వెనకబట్టిన అక్టోబరు నెల దీనికి అనుకూలం. అంచుల వద్ద కంచె ఉన్నచోటే నిలబడాలి.

ఏర్పాట్ల విషయం. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో అరకులో గది దొరకడం గగనం, దొరికినా రేటు రెట్టింపు. బుధవారం ఎక్కి శుక్రవారం సంత చూసుకుని దిగడం తెలివైన పని. ఒక్క దుప్పటి చాలదు, చంటిపిల్లలకు చెవులు కప్పే టోపీ ఉండాలి. మలేరియా ఉన్న ప్రాంతం గనుక దోమతెర లేకుండా పడుకోవద్దు. తిరిగి వచ్చాక చలిజ్వరం వస్తే కొండకు వెళ్లివచ్చామని డాక్టరుకు ముందే చెప్పాలి. జోలాపుట్టు వెళ్లేవారు పెట్రోలు అరకులోనే పోయించుకోవాలి, అన్నం కట్టుకుని వెళ్లాలి, మధ్యాహ్నం రెండు గంటలకల్లా వెనక్కి తిరగాలి. ముంచంగిపుట్టు దాటాక చాలాచోట్ల ఫోను మోగదు. బండి ఆగిపోతే సాయానికి వచ్చేది పక్క గూడెం వాళ్లే.